నరం దాకా పుచ్చిన దవడ పన్ను, రూట్ కెనాల్ లేకుండా: నా అనుభవం

2024 జులై 13న ఒంగోల్లో నా కింది ఎడమ దవడ పన్నుకి, నరం తీయకుండా, ఎర్ర లైటు తోడుగా పెట్టి వైద్యం జరిగింది. 2025 జులైలో ఏడాది చెకప్ కూడా అయిపోయింది. పన్ను బతికే ఉంది. పుచ్చు నరానికి వెంట్రుకవాసి దూరం దాకా వెళ్ళిన పన్ను అది. మొదట చూపించుకున్న చోట రూట్ కెనాల్, అంటే పన్ను లోపలి నరం తీసేసి మూసే వైద్యం, తప్ప దారి లేదన్నారు. ఈ లైటు వైద్యం గురించి అప్పట్లో నేను వెతికితే ప్రకటనలు దొరికాయి కానీ, ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి ఏం జరుగుతుందో, ఇంటికొచ్చాక ఎన్నాళ్ళు భయపడాలో రాసినవాళ్ళు దొరకలేదు. అందుకే జరిగింది జరిగినట్టు, ఖర్చుతో సహా రాస్తున్నాను.

మాది పొదిలి దగ్గర పల్లెటూరు. గ్రామ సచివాలయంలో ఉద్యోగం. మా వైపు వాళ్ళకి గార పళ్ళ గురించి వేరే చెప్పక్కర్లేదు. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళకి మచ్చలు పడే జబ్బు అది. మన దేశంలో ఈ జబ్బు గురించి డాక్టర్లు మొదట 1937లో రాసింది మా ఊళ్ళ వైపు గురించేనట. అప్పటికి ప్రకాశం జిల్లా పుట్టలేదు, 1970 దాకా మేం నెల్లూరు జిల్లా కిందే ఉన్నాం. నాకు ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలు, దవడ పళ్ళ మీద మచ్చలు బడికెళ్ళే వయసు నుంచీ ఉన్నాయి. ఆ మచ్చల మధ్య ఇంకో మచ్చ కొత్తగా నల్లబడితే అద్దంలో చూసి కనిపెట్టడం ఎవరివల్లా కాదు. మా కనిగిరి, పొదిలి, మర్రిపూడి వైపు వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి: మచ్చ రంగు మీకేమీ చెప్పదు. చల్లనిదో తియ్యనిదో తగిలినప్పుడు ఒకే పన్ను జివ్వుమంటోందా, తిన్నది ఒకేచోట ఇరుక్కుంటోందా, అది చూసుకోండి.

నాకు అలాగే మొదలైంది. మే నెలాఖర్లో మామిడిపండు తింటుంటే ఎడమవైపు లాగినట్టయింది. పీచు అక్కడే ఇరుక్కునేది. నాలుకతో తడిమితే అంచు గరుగ్గా తగిలేది. ఫ్రిజ్ నీళ్ళు తాగితే జివ్వుమనేది, మింగేలోపు పోయేది. రాత్రిళ్ళు నొప్పి లేదు, వాపు లేదు. జూన్ మధ్యలో దగ్గర్లోని ఒక క్లినిక్‌లో చూపించుకున్నాను. ఎక్స్‌రే తీసి, చూపుడువేలుతో చూపించారు. పన్ను మధ్యలో నల్లటి గుంట, దాని కింద నరం గది. "నరం దగ్గరికి వెళ్ళిపోయిందమ్మా. రూట్ కెనాల్ చేసి క్యాపు వేద్దాం. అన్నీ కలిపి ఏడున్నర వేలు." ఐదు నిమిషాల్లో అయిపోయింది మాట. చల్లనిది తగిలితే ఎంతసేపు లాగుతోందని అడగలేదు, పన్ను మీద తట్టి చూడలేదు.

నాకు డబ్బు కన్నా భయం వేరే ఉంది. మా నాన్నకి రూట్ కెనాల్ అయిన దవడ పన్ను కొన్నేళ్ళకి సెనగలు నములుతుంటే నిలువునా చీలింది. క్యాపు వేయించుకోలేదాయన. ఆ పన్ను పీకించుకున్న రోజు ఆయన ముఖం నాకు ఇంకా కళ్ళ ముందుంది. నాకు ముప్పై నాలుగేళ్ళు. ఇప్పుడే నరం తీసేస్తే ఆ పన్ను ఇంకెన్నాళ్ళు పనికొస్తుంది? రూట్ కెనాల్ చెడ్డదని నేననడంలేదు. కావాల్సినవాళ్ళకి అది పన్నుని నిలబెట్టే వైద్యమే. కానీ నాకు అది కావాలో లేదో ఎవరూ తేల్చకుండానే తేదీ రాసేశారు. నేను వెళ్ళలేదు.

జులై 1 పింఛన్ల రోజు. ఆ నెల నాలుగు వేలకి పెంచిన పింఛను, మూడు నెలల బకాయి కలిపి ఒక్కొక్కరికి ఏడు వేలు. మేమే ఇంటింటికీ వెళ్ళి ఇవ్వాలి. తెల్లవారుజామునే మొదలుపెట్టాం. పది దాటేసరికి ఎండ మండిపోతోంది. ఒక పెద్దమ్మ డబ్బులు రెండుసార్లు లెక్కపెట్టుకుని చెంగున ముడేసుకుని, "ఉండు తల్లీ" అని కుండలోంచి స్టీలు గ్లాసు నిండా మజ్జిగ తెచ్చింది. కాదంటే బాధపడుతుంది. ఒక్క గుక్క తాగానో లేదో, దవడ పట్టుకుని అరుగు మీద కూర్చుండిపోయాను. పక్కనే ఉన్న మా ఏఎన్ఎం (ఊరి నర్సు) అక్క చూసింది. "ఎన్నాళ్ళ నుంచే ఇది? రాత్రి నిద్రలేపుతోందా?" అని అడిగింది. లేదన్నాను. "అయితే ఇంకా ఆశ ఉంది. మా చెల్లెలి కూతురికి ఒంగోల్లో ఒకాయన నరం తీయకుండానే బాగుచేశారు, ఏదో ఎర్ర లైటు పెట్టి" అంది. ఆ సాయంత్రమే ఆమె ఫోన్ చేసి నాకు అపాయింట్‌మెంట్ ఇప్పించింది.

జులై 6, శనివారం. మధ్యాహ్నం సెలవు పెట్టుకుని పొదిలిలో ఒంగోలు బస్సెక్కాను. మా ఆయన కూడా వచ్చారు. డాక్టరుగారు పళ్ళు నిలబెట్టే వైద్యంలోనే ఎండీఎస్ (పళ్ళ వైద్యంలో పీజీ) చేసినాయన. నేను తీసుకెళ్ళిన ఎక్స్‌రే చూసి పక్కన పెట్టేశారు. "పుచ్చు ఎంత లోతుగా ఉందో ఇది చెబుతుంది. నరం ఎలా ఉందో చెప్పదు. అది బెదిరిందా, జబ్బు పడిందా అన్నది ముందు తేలాలి" అన్నారు. ఆ మాటతో నాకు సగం ధైర్యం వచ్చింది.

తర్వాత అరగంట పరీక్షలే. ముందు ప్రశ్నలు. నొప్పి దానంతటదే వస్తుందా, ఏదైనా తగిలితేనే వస్తుందా? పడుకుంటే పెరుగుతుందా? వేడి టీకి లాగుతుందా? లాగాక ఎంతసేపు ఉంటుంది? తర్వాత చిన్న దూది ఉండ మీద ఒక డబ్బాతో స్ప్రే కొడితే అది తెల్లగా గడ్డకట్టింది. ముందు కుడివైపు మంచి పన్నుకి తాకించారు, ఎలా ఉంటుందో నాకు తెలియడానికి. "చల్లగా తగలగానే చెయ్యెత్తండి, పోగానే దించండి." తర్వాత పుచ్చిన పన్నుకి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చెయ్యి ఎత్తేశాను. ఆయన పైకే లెక్కపెడుతున్నారు. నాలుగు అనేలోపు లాగడం ఆగిపోయింది, దించేశాను. అరనిమిషం దాటి లాగుతూ ఉంటే కథ వేరేగా ఉండేదన్నారు. అద్దం వెనక కాడతో పన్ను మీద తట్టారు, నొప్పి లేదు. సన్నటి కరెంటు పెట్టి చూసే మిషన్ ఒకటి ఉంది, పన్నులో చీమ పాకినట్టు తెలిసింది. మళ్ళీ ఒక ఎక్స్‌రే తీశారు. దానికి నోట్లో పెట్టే సెన్సారు గట్టిగా ఉంటుంది, కింద దవడ పళ్ళకి నాలుక పక్కన గుచ్చుకుంటుంది. ముక్కుతో ఊపిరి పీల్చుకుంటే వాంతి రాదు. వేరు చివర్లో నల్లటి నీడ లేదు. నరానికీ పుచ్చుకీ మధ్య సన్నటి తెల్లటి గీత ఉంది, అది ఇంకా మిగిలిన గట్టి పన్ను. నా పన్ను మొత్తం ఆ గీత మీదే ఆధారపడి ఉందన్నమాట.

ఆయన చెప్పిన పద్ధతి ఇది. పుచ్చు మొత్తం గీకేస్తే ఆ గీత తెగి నరం బయటపడొచ్చు. కాబట్టి చుట్టూ అంచుల్లో మాత్రం గట్టి పన్ను తగిలేదాకా శుభ్రంగా తీసేస్తారు. నరం పైన, అడుగున, కొంచెం మెత్తటి భాగాన్ని కావాలనే వదిలేసి, దాని మీద మందు సిమెంటు వేసి, పైన ఫిల్లింగ్‌తో గట్టిగా మూస్తారు. పన్ను లోపలినుంచి తనే కొత్త పొర కట్టుకుంటుంది, దానికి నెలలు పడుతుంది.

నేను అడగాల్సింది అడిగేశాను. "పురుగుని లోపలే పెట్టి మూసేస్తారా సార్?"

"పురుగంటూ ఏమీ ఉండదమ్మా, క్రిములు. పైనుంచి తిండి అందకుండా మూత బిగిస్తే మిగిలినవి ఏమీ చేయలేవు. ఆ మిగిలేవాటిని ఇంకా తగ్గించడానికే లైటు. ఇంకోటి కూడా చెప్పాలి మీకు. లైటు లేకుండా కూడా ఈ వైద్యం చేస్తారు. లైటు తోడు మాత్రమే. మూత సరిగ్గా పడటమే అసలు పని."

లైటు గురించి ఇంత నిజాయితీగా చెప్పినందుకే నేను ఆ కుర్చీలో కూర్చోవడానికి ఒప్పుకున్నాను. మహిమ ఉందని చెప్పి ఉంటే లేచి వచ్చేసేదాన్నేమో. లైటు వద్దంటే ఎనిమిది వందలు తగ్గుతుందని కూడా ఆయనే చెప్పారు. మా ఆయన "పెట్టించుకో, ఎనిమిది వందల దగ్గర చూసుకునేదేముంది" అన్నారు.

ఒక కాగితం మీద సంతకం తీసుకున్నారు. గీకేటప్పుడు నరం బయటపడితే ఏం చేయాలో అందులో ఉంది. రక్తం కొద్దిసేపట్లో ఆగితే అదే సిమెంటు నేరుగా నరం మీద వేస్తారు, ఆగకపోతే రూట్ కెనాల్‌కి నేను ముందే ఒప్పుకున్నట్టు. కడుపుతో ఉన్నానా, ఒంటికి ఎండ పడకుండా చేసే మందులేమైనా వాడుతున్నానా, మందులేవైనా పడవా అని అడిగారు. వచ్చేవారం రెండో శనివారం, ఆఫీసుకి సెలవు. ఆ రోజుకి రాయించుకున్నాం. ఆ వారమంతా ఎడమవైపు నమలొద్దన్నారు.

జులై 13. "కడుపునిండా తినేసి రండి" అని ముందే చెప్పారు. అది మంచి మాట, మళ్ళీ సాయంత్రం దాకా ఏమీ తినలేకపోయాను. ఉదయం పదిన్నరకి కూర్చోబెట్టారు. కింది దవడకి మత్తు సూది పన్ను దగ్గర ఇవ్వరు, బాగా వెనక ఇస్తారు. సూది గుచ్చినప్పటికన్నా మందు ఎక్కేటప్పుడు ఎక్కువ తెలుస్తుంది. ఒక నిమిషం గుండె దడదడలాడింది. నాకు ఏదో అవుతోందని చెయ్యెత్తాను. మత్తుమందులో కలిపే అడ్రినలిన్ వల్ల అలా ఉంటుంది, ఇప్పుడే తగ్గుతుందన్నారు. తగ్గింది. ఈ సంగతి ముందే తెలిస్తే అంత భయపడేదాన్ని కాదు. పది నిమిషాలకి ఎడమవైపు సగం పెదవి, నాలుక చివర లేకుండా పోయాయి.

తర్వాత పన్నుకి ఒక ఇనప క్లిప్పు తొడిగి, నోరంతా మూసేలా రబ్బరు షీటు కట్టారు. ఆ షీటుకి చిన్న చిల్లు, అందులోంచి నా పన్ను ఒక్కటే బయటికి. నోరు మూసేశారే అని మొదట ఊపిరాడనట్టు అనిపించింది. ముక్కుతో నెమ్మదిగా పీల్చమని అసిస్టెంటు అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి ఉంచింది. రెండు నిమిషాల్లో అలవాటైంది. నిజానికి ఆ షీటు వల్లే మిగిలినదంతా సుఖంగా గడిచింది. నీళ్ళు గొంతులోకి పోవు, మధ్యలో ఉమ్మాల్సిన పని లేదు, పన్ను మీద ఉమ్మి చుక్క పడదు. పన్ను తడిస్తే మూత సరిగ్గా అతకదు. ఎవరైనా మీకు ఈ వైద్యం చేస్తామంటే షీటు కడతారా అని అడగండి.

మిషన్ చప్పుడు అంచుల్లో కీచుమని గట్టిగా ఉండి, లోపలికి వెళ్ళేకొద్దీ మందగించింది. కాలిన వాసన వచ్చింది. ఆ తర్వాత ఆయన మిషన్ పక్కన పెట్టేసి, చిన్న చెంచా ఆకారంలో ఉన్న పనిముట్టు తీసుకుని చేత్తో గీకడం మొదలుపెట్టారు. పొరలు పొరలుగా గోధుమరంగు ముక్కలు దూదిలోకి వచ్చాయి. ఈ దశలో నాకు నొప్పి లేదు గానీ చెమటలు పట్టాయి. ఒక్క గీత ఎక్కువ పడితే నరమే. ఆయన మాటలు కూడా ఆపేశారు. గదిలో ఏసీ చప్పుడు, ఆ గీకుడు, అంతే. కాసేపటికి ఆగి ఫోన్‌తో ఫొటో తీసి చూపించారు. గుంట చుట్టూ తెల్లటి గట్టి గోడ, అడుగున తడిసిన తోలు రంగులో ఒక మచ్చ. "ఇక్కడితో ఆపేస్తున్నాను. రక్తం రాలేదు" అన్నారు. నోరు కట్టేసి ఉంది కాబట్టి చెయ్యెత్తి దణ్ణం పెట్టాను.

ఇప్పుడు లైటు. సిరంజితో ముదురు నీలం రంగు మందు ఒక చుక్క గుంటలో వేశారు. మిథిలీన్ బ్లూ అట. అది క్రిములకి పట్టాలని ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టారు. తర్వాత ఆయనా, అసిస్టెంటూ, నేనూ ముగ్గురం రంగు కళ్ళద్దాలు పెట్టుకున్నాం. పెన్నంత మిషన్, చివర సన్నటి గొట్టం. దాన్ని పన్ను గుంటలో పెట్టి నొక్కితే ఎర్రగా వెలిగింది. నాకేమీ తెలియలేదు. వేడి లేదు, చప్పుడు లేదు, వాసన లేదు. మధ్యలో ఆపి కోణం మార్చి మళ్ళీ పెట్టారు. అంతా కలిపి రెండు మూడు నిమిషాలు. ఇంతేనా అనిపించింది.

తర్వాత నేనడిగితే వివరంగా చెప్పారు. ఆ ఎర్ర కాంతి ఒక్కటే ఏమీ చేయదు, ఆ నీలం రంగు ఒక్కటే అంతగా ఏమీ చేయదు. రంగు క్రిముల మీద పట్టుకుని ఉన్నప్పుడు ఎర్ర కాంతి తగిలితే అక్కడికక్కడే ఒక రకం ఆక్సిజన్ పుట్టి వాటి గోడల్ని చీలుస్తుంది. అది పుట్టిన క్షణంలోనే పోతుంది కాబట్టి దూరంగా ఉన్న నరం దాకా వెళ్ళదు. కాంతి 660 నానోమీటర్ల దగ్గర ఉండే ఎరుపే ఎందుకంటే, ఆ నీలం రంగు పీల్చుకునేది దాన్నే.

రంగు కడిగేశాక సిమెంటు. చిన్న గొట్టంలో పొడి, దానిలో ద్రవం చుక్కలు వేసి ఒక మిషన్లో పెడితే అది గిరగిరా ఊగి కలిపింది. తెల్లటి ముద్ద. గుంట అడుగున పెట్టి, గట్టిపడటానికి పన్నెండు నిమిషాలు ఆగాలన్నారు. ఆ పన్నెండు నిమిషాలూ నోరు తెరిచి పడుకోవడమే ఆ రోజు మొత్తంలో నాకు కష్టమైన పని. దవడ కీళ్ళు లాగేశాయి. మధ్యలో నోటికి రబ్బరు దిమ్మ పెట్టమని మీరే అడగండి, పెడతారు.

దానిపైన ఫిల్లింగ్. అప్పుడు ఇంకో లైటు వచ్చింది, నీలంది. అది కూడా వైద్యమే అనుకున్నాను. కాదట. అది ఫిల్లింగ్ గట్టిపడటానికి అన్ని క్లినిక్కుల్లోనూ వాడేదే, మనవాళ్ళు లైట్ ఫిల్లింగ్ అంటుంటారే, అదే. దానికీ క్రిములకీ సంబంధం లేదు. ఎవరైనా "మా దగ్గర లైటుతో చేస్తాం" అంటే ఏ లైటో, ముందు రంగు మందు వేస్తారో లేదో అడిగి డబ్బు కట్టండి. నా గార పళ్ళ వల్ల ఇక్కడ ఒక పని ఎక్కువైంది. ఫ్లోరైడ్ పట్టిన పన్ను పైపొర మీద ఫిల్లింగ్ అంటుకోవడం కష్టమట. అందుకని అంచుల్ని కొంచెం అరగదీసి, అంటించే ముందు పెట్టే జెల్‌ని మామూలు కన్నా ఎక్కువసేపు ఉంచారు.

షీటు తీసి, నల్ల కాగితం కొరికించి ఎత్తు సరిచేశారు. లేచేసరికి పన్నెండున్నర దాటింది. పెదవి మొద్దుబారి ఉండగా నమలొద్దు, తెలియకుండా బుగ్గ కొరుక్కుంటారని గట్టిగా చెప్పారు. ఫీజు మూడు వందలు, ఎక్స్‌రే రెండు వందలు అంతకుముందే కట్టాం. ఆ రోజు వైద్యానికి నాలుగు వేల ఆరు వందలు, లైటుకి ఎనిమిది వందలు అందులోనే. ఆ సిమెంటు గొట్టమే ఖరీదట.

బస్సులో చీమకుర్తి దాటేదాకా, గ్రానైట్ లారీల వెనక, ప్రతి కుదుపుకీ చెంప పట్టుకునే ఉన్నాను. నొప్పేమీ లేదు, భయమే. మూడున్నరకి పెదవి తిరిగొచ్చింది.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. దీని గురించి ఎవరూ రాయరు. మొదటి మూడు రోజులు కొరికితే పన్ను పొడుగ్గా ఉన్నట్టు, సలుపు. పారాసిటమాల్ వేసుకున్నాను. ఫోన్ చేస్తే రమ్మన్నారు. నల్ల కాగితం మళ్ళీ కొరికించి కొద్దిగా అరగదీశారు, దానికి డబ్బు తీసుకోలేదు. కొరికితే వచ్చే నొప్పి అక్కడితో పోయింది. కానీ చల్లనిది తగిలితే ఇంతకుముందు కన్నా ఎక్కువ జివ్వుమనేది. రెండో వారంలో ఒక రాత్రి పదకొండు దాటాక ఎడమ చెంపలో మెల్లగా పోటు మొదలైంది. రాత్రి నొప్పి గురించి డాక్టరుగారు అడిగిన ప్రశ్నలన్నీ గుర్తొచ్చి, నరం పోయినట్టేననుకున్నాను. మా ఆయన్ని లేపలేదు. వంటింట్లో దీపం వేసుకుని కూర్చుని ఏడ్చాను. అంత డబ్బు, అంత ఆశ, అన్నీ పోయాయనుకున్నాను. అరగంటకి అది దానంతటదే తగ్గింది, మాత్ర వేసుకోకుండానే. పొద్దున్నే ఫోన్ చేశాను.

ఆయన విసుక్కోలేదు. "మళ్ళీ వస్తే ఎన్ని నిమిషాలుందో, ఏం తిన్నాక వచ్చిందో రాసిపెట్టండి. వేడికి లాగి చాలాసేపు ఉండిపోతే, నిద్రలోంచి లేపితే, వాపు వస్తే అదే రోజు వచ్చేయండి. ఒక్కసారి వచ్చి పోతే కంగారుపడకండి, గీకిన పన్ను కుదురుకోవడానికి టైం తీసుకుంటుంది" అన్నారు. క్యాలెండర్ మీద రాయడం మొదలుపెట్టాను. పింఛన్ల తేదీ పక్కన, గ్యాస్ బండ తేదీ పక్కన, "చల్ల నీళ్ళు, కొంచెం", "ఏమీ లేదు", "ఏమీ లేదు". అలా రాయడం వల్ల నాకు చాలా మేలు జరిగింది. భయంలో ఉన్నప్పుడు రోజూ అలాగే ఉందనిపిస్తుంది, కాగితం మీద చూస్తే తగ్గుతున్న సంగతి తెలుస్తుంది. ఆగస్టు మొదటి వారానికి ఆ రాత్రి పోటు మళ్ళీ రాలేదని నమ్మకం కుదిరింది. ఆగస్టు చివరికి ఎడమవైపు నమలడం మొదలుపెట్టాను, ముందు అన్నం, తర్వాత చపాతీ.

అక్టోబరులో మూడు నెలల చెకప్. మళ్ళీ ఆ దూది ఉండ. చెయ్యెత్తాను, వెంటనే దించేశాను, రెండు పళ్ళకీ ఒకేలా. చల్లదనం తెలియడమే మంచిదట. నరం చచ్చిపోతే అది కూడా తెలియదు. నొప్పి లేకపోతే చాలనుకుని చెకప్ మానేసేవాళ్ళు ఈ ఒక్క మాట ఆలోచించాలి. నరం చప్పుడు లేకుండా కూడా చచ్చిపోతుంది, వేరు చివర నీడ వచ్చేదాకా మనకి తెలియదు. జనవరిలో ఆరు నెలల ఎక్స్‌రే. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి సిమెంటు కింద కొంచెం తెల్లబడినచోటు చూపించారు. నా కంటికి పెద్ద తేడా తెలియలేదు. వేరు చివర శుభ్రంగా ఉందని మాత్రం నేనే చూశాను.

నా సంగతి విని ఫిబ్రవరిలో మా అత్తమ్మ బయల్దేరింది. ఆవిడకి కింది కుడి దవడ పన్ను. "నాకు కూడా ఆ ఎర్ర లైటే పెట్టమను" అని ముందే నాతో చెప్పించింది. డాక్టరుగారు నన్ను పరీక్షించినట్టే ఆవిడనీ పరీక్షించారు. దూది ఉండ తీసేశాక కూడా ఆవిడ చెయ్యి దించలేదు. ఆయన లెక్క ముప్పై దాటింది. తడితే కుర్చీలోంచి లేవబోయింది. నెలరోజులుగా రాత్రిళ్ళు నిద్ర లేదని అప్పుడు చెప్పింది, అంతదాకా మాకెవరికీ చెప్పలేదు. "అమ్మగారూ, ఇది లైటుతో ఆగే దశ దాటిపోయింది. నేను లైటు పెట్టి డబ్బు తీసుకోవచ్చు, నెలకి మీరు ఏడుస్తూ వస్తారు. రూట్ కెనాల్ చేయిద్దాం" అన్నారు. ఆవిడకి అదే చేశారు, క్యాపు కూడా వేశారు. మొదటి సిట్టింగ్ అయిన రాత్రే హాయిగా నిద్రపోయింది. ఒకే కుర్చీ, ఒకే డాక్టరు, ఇద్దరికీ రెండు వైద్యాలు. రెండూ సరైనవే. ఇంట్లో పెద్దవాళ్ళని రాత్రి నొప్పి గురించి మీరే గుచ్చిగుచ్చి అడగండి, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

2025 జులైలో ఏడాది చెకప్. దూది ఉండ, తట్టడం, ఎక్స్‌రే, అన్నీ బాగున్నాయి. ఫిల్లింగ్ అంచు ఒకచోట కొద్దిగా రంగు మారింది, అక్కడ పాలిష్ చేశారు. ఆ అంచులోంచి లీకైతే లోపల చేసిందంతా వృథా అని, ఫ్లోరైడ్ పళ్ళకి ఆ ప్రమాదం ఎక్కువ కాబట్టి ఏడాదికోసారి తప్పకుండా రమ్మని చెప్పారు. క్యాపు ఇప్పుడు అక్కర్లేదు, గోడలు దళసరిగానే ఉన్నాయట. చెకప్పులు, ఎక్స్‌రేలు, బస్సు ఛార్జీలు, పెట్టిన సెలవులు అన్నీ లెక్కేస్తే రూట్ కెనాల్‌కి చెప్పిన ఏడున్నర వేలకి కాస్త తక్కువ, అంతే. డబ్బు మిగులుతుందని ఇది చేయించుకోవద్దు. ఒంగోలు, నెల్లూరు లాంటి ఊళ్ళలో కూడా ఈ లైటు మిషన్ అన్ని క్లినిక్కుల్లోనూ ఉండదు. బయల్దేరే ముందు ఫోన్ చేసి, నరం పరీక్ష చేస్తారా, రబ్బరు షీటు కడతారా, రంగు మందుతో ఎర్ర లైటు ఉందా అని ఈ వరసలోనే అడగండి. మొదటి రెండిటికీ లేదంటే మూడోది ఉన్నా వెళ్ళకండి.